సైన్యం, వాతావరణ మార్పు, ఇంధనం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యం నోట వాతావరణ మార్పు మాట వినగానే కొందరు నవ్వుతారు, కొందరు అనుమానంగా చూస్తారు. రక్షణ వ్యవహారాల మీద, పర్యావరణం మీద ఆసక్తి ఉన్నవారు తరచూ వేసే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని పొడవు, కొన్ని పొట్టి.

సరిహద్దులు కాపాడే సైన్యానికి వాతావరణంతో పనేమిటి?

సైన్యం ఆరుబయట బతుకుతుంది. దాని రన్‌వేలు, రేవులు, ఆయుధాగారాలు సముద్రపు ఒడ్డునో, నదీ తీరానో, మంచుకొండల కిందో ఉంటాయి. శత్రువు ఒక్క తూటా పేల్చకుండానే అవి పనికిరాకుండా పోయిన సందర్భాలు ఇటీవలి కాలంలోనే ఎన్నో ఉన్నాయి.

2018 అక్టోబరు 10న ఫ్లోరిడాలో తీరం దాటిన మైకేల్ హరికేన్ టిండాల్ వైమానిక స్థావరాన్ని చిందరవందర చేసింది. మరమ్మతుల్లో ఉండి ఎగరలేని ఎఫ్-22 యుద్ధవిమానాలు హ్యాంగర్లలోనే చిక్కుకుపోయాయి. స్థావరాన్ని తిరిగి కట్టడానికి వేసిన అంచనా సుమారు 500 కోట్ల డాలర్లు. అయిదారు నెలలకే, 2019 మార్చిలో, నెబ్రాస్కాలోని ఆఫట్ స్థావరంలో మూడో వంతు వరదలో మునిగింది. అమెరికా అణ్వాయుధ దళాలను నడిపించే స్ట్రాటజిక్ కమాండ్ కేంద్ర కార్యాలయం ఉన్నది అక్కడే.

భారతదేశానికి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలోని నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాను, అదే రన్‌వేను పంచుకునే పౌర విమానాశ్రయాన్ని దెబ్బతీసింది. 2023 అక్టోబరు 4 తెల్లవారుజామున సిక్కింలో దక్షిణ లొనాక్ హిమానీనద సరస్సు గట్టు తెగి తీస్తా నది పోటెత్తింది. బర్దాంగ్ దగ్గర నిలిపి ఉంచిన సైనిక వాహనాలు బురదలో కూరుకుపోయాయి. 23 మంది సైనికులు గల్లంతయ్యారు. వారిలో ఒకరు మాత్రం ఆ రోజే ప్రాణాలతో దొరికారు.

తుపానులు, వరదలు ఎప్పుడూ ఉన్నవే కదా. కొత్తగా ఏం వచ్చింది?

కట్టడాల లెక్కలు తప్పుతున్నాయి. రేవు ఎంత ఎత్తున ఉండాలి, కాలువలో ఎంత నీరు పట్టాలి, పైకప్పు ఎంత గాలికి నిలవాలి అన్నవన్నీ గడిచిన దశాబ్దాల రికార్డులు చూసి నిర్ణయించినవి. ప్రపంచంలోనే అతి పెద్ద నౌకాదళ స్థావరమైన అమెరికాలోని నార్‌ఫోక్‌లో నేలతో పోల్చి చూస్తే సముద్రమట్టం వందేళ్లలో దాదాపు 45 సెంటీమీటర్లు పెరిగింది. అందులో గణనీయమైన భాగం అక్కడి నేల కుంగడం వల్ల వచ్చిందే. ఆ సంగతి దాచకూడదు. కానీ నౌకకు కరెంటు అందించే తీగలు, ఆవిరి గొట్టాలు పాత రేవుల అడుగున వేలాడుతుంటాయి. ఆటుపోటు మామూలు కన్నా కాస్త పైకి వస్తే అవి తడుస్తాయి, నౌకకు సరఫరా ఆపేయాల్సి వస్తుంది. నీరు పెరిగిందా, నేల దిగిందా అన్న చర్చ ఆ తీగలకు అనవసరం. అందుకే కొత్త రేవులను రెండు అంతస్తులుగా, తీగలూ గొట్టాలూ ఎత్తున ఉండేలా కడుతున్నారు.

ఎండలు పెరిగితే సైనికులకు ఏమవుతుంది?

దీని మీద సైన్యాలకు ఉన్న అనుభవం ఇంకెవరికీ లేదు. 1950లలో అమెరికాలోని పారిస్ ఐలండ్ మెరైన్ శిక్షణ శిబిరంలో కొత్తగా చేరినవారు వడదెబ్బకు కుప్పకూలుతుంటే, దాన్ని ఆపడానికి ఒక కొలత తయారుచేశారు. మామూలు ఉష్ణోగ్రత ఒక్కటే చూడకుండా, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చెప్పేదానికి 70 శాతం, ఎండలో పెట్టిన నల్లటి గోళం లోపలి వేడికి 20 శాతం, నీడలోని గాలి వేడికి 10 శాతం విలువ ఇచ్చి కలుపుతారు. తేమకు అంత పెద్ద వాటా ఎందుకంటే, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. ఆ అంకెను బట్టి శిబిరంలో జెండా ఎగురుతుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నలుపు. 32.2 డిగ్రీలు దాటితే నల్లజెండా. అప్పుడు బరువైన కసరత్తులన్నీ ఆగాలి. నేడు క్రీడా మైదానాల్లో, కర్మాగారాల్లో వాడుతున్న కొలత కూడా ఇదే.

కొలత ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని పాటించాలి. 2013 జులైలో చల్లటి దేశమని పేరున్న బ్రిటన్‌లో, వేల్స్‌లోని బ్రెకాన్ బీకన్స్ కొండల్లో ప్రత్యేక దళాల ఎంపిక పరీక్షకు వెళ్లిన ముగ్గురు రిజర్వ్ సైనికులు వేడి వల్ల మరణించారు. నల్లజెండా రోజులు పెరిగేకొద్దీ శిక్షణ రోజులు తగ్గుతాయి. తెల్లవారుజామున, రాత్రి శిక్షణ ఇవ్వడం ఒక దారి. అయితే పగలు యుద్ధం చేయవలసిన సైనికుడికి పగటి అలవాటూ కావాలి. ఈ చిక్కుకు తేలికైన పరిష్కారం లేదు.

యంత్రాలకో?

వేడి గాలి పలచగా ఉంటుంది. హెలికాప్టర్ రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ శక్తీ తగ్గుతుంది. ఎత్తైన కొండల్లో అసలే గాలి పలచన. అక్కడ ఎండ కూడా తోడైతే, ఎనిమిది మందిని మోసే హెలికాప్టర్ అయిదారుగురితో సర్దుకోవాల్సి రావచ్చు.

నౌకల సంగతికి బ్రిటిష్ టైప్ 45 డిస్ట్రాయర్లు మంచి పాఠం. గల్ఫ్ వెచ్చటి నీటిలో వాటి గ్యాస్ టర్బైన్ ఇంజన్లలో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లు సరిగా పనిచేయక నౌక మొత్తానికి కరెంటు పోయిన ఘటనలు జరిగాయి. 2016లో పార్లమెంటు రక్షణ సంఘం దీని మీద గట్టిగానే నిలదీసింది. చివరకు నౌకల పొట్ట కోసి, పాత డీజిల్ జనరేటర్ల బదులు మరింత పెద్దవి అమర్చాల్సి వచ్చింది. శతకోటి పౌండ్ల ఖరీదు చేసే యుద్ధనౌక కొనేటప్పుడు ఎంత వేడి నీటిలో తిరుగుతుందో ముందే అడగాలన్నమాట.

సైన్యాలు ఎంత ఇంధనం వాడతాయి?

చాలా. ఒక సంస్థగా చూస్తే ప్రపంచంలో అత్యధికంగా చమురు వాడేది అమెరికా రక్షణ శాఖ. అందులో సింహభాగం విమాన ఇంధనం. నేల మీద, అమెరికా ఏబ్రమ్స్ ట్యాంకులో పట్టేది దాదాపు 1,900 లీటర్లు. అది కదలకుండా ఇంజన్ ఆన్ చేసి నిలబడినా గంటకు సుమారు 40 లీటర్లు కాలుస్తుంది. రేడియోలు, రాత్రి చూపు కెమెరాలు నడవడానికే ఈ ఖర్చంతా.

ఇంధనం ఆదా చేస్తే మిగిలేది డబ్బేనా?

కాదు, ప్రాణాలు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

అమెరికా సైన్యం తరఫున జరిగిన అధ్యయనం ప్రకారం 2007లో అఫ్గానిస్తాన్‌లో సగటున ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకు ఒకరు చనిపోవడమో, గాయపడటమో జరిగింది. ట్యాంకరు వెళ్లే దారి అందరికీ తెలుసు, వేళ తెలుసు, దాని వేగం తక్కువ, నిప్పంటిస్తే చాలు. శత్రువు ముందు వరుసలోని సైనికుడి జోలికి పోకుండా వెనకనున్న ట్యాంకరు డ్రైవరును పట్టుకుంటాడు. 2003లో ఇరాక్ దండయాత్రలో తమ దళాలు ఇంధన సరఫరాను మించి ముందుకు పోలేకపోయిన అనుభవంతో మెరైన్ జనరల్ జేమ్స్ మ్యాటిస్ ఈ ఇంధనపు పగ్గం నుంచి తమను విడిపించాలని కోరారు. 2006లో ఇరాక్‌లోని అన్బర్ ప్రాంతంలో పనిచేస్తున్న జనరల్ రిచర్డ్ జిల్మర్ సౌర, పవన విద్యుత్ పరికరాలు అత్యవసరంగా పంపమని అధికారికంగానే రాశారు. ఆయన పర్యావరణ ఉద్యమకారుడు కాదు. రోడ్డు మీద లారీల సంఖ్య తగ్గాలన్నదే ఆయన తాపత్రయం.

2010లో అఫ్గానిస్తాన్ హెల్మండ్ రాష్ట్రంలోని సంగీన్‌కు వెళ్లిన ఒక మెరైన్ కంపెనీ సౌరఫలకాలు వెంట తీసుకెళ్లింది. ఒక చిన్న గస్తీ స్థావరంలో జనరేటరు వాడకం రోజుకు 20 గ్యాలన్ల నుంచి రెండున్నర గ్యాలన్లకు పడిపోయింది. అంటే సుమారు 75 లీటర్ల చోట పది లీటర్ల లోపు. పైగా రాత్రి జనరేటరు ఆగిపోవడంతో చుట్టూ ఏం కదులుతోందో చెవులకు వినిపించింది. ఆ నిశ్శబ్దం విలువ ఏ పద్దులోనూ కనిపించదు.

ఇక డబ్బు సంగతి. బంకు దగ్గర లీటరు ధర వేరు, కొండ మీది పోస్టుకు చేరేసరికి అయ్యే ధర వేరు. మోసే లారీ, దానికి కాపలా వాహనాలు, ఆకాశంలో హెలికాప్టర్, ఆ హెలికాప్టర్ తాగే ఇంధనం అన్నీ కలపాలి. ఆ లెక్క వేయని రక్షణ శాఖకు డీజిల్ ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది.

శిబిరంలో డీజిల్ ఎక్కడ వృథా అవుతుంది?

ఎవరూ చూడని మూలల్లో. ప్రతి గుడారానికీ ఒక జనరేటరు ఇస్తారు. దేనికీ కొరత రాకూడదని అవసరం కన్నా పెద్దదే ఇస్తారు. అది పావు వంతు, మూడో వంతు లోడు మీద రోజంతా నడుస్తుంది. అంత తక్కువ లోడులో ఇంజన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. కాలని ఇంధనం, మసి కలిసి పొగగొట్టంలో నల్లటి జిడ్డులా కారుతుంది. కొన్నాళ్లకు ఇంజన్ మరమ్మతుకు వస్తుంది. అప్పుడు విడిభాగాలు మోసుకుంటూ మరో లారీ బయల్దేరుతుంది.

ఆ విద్యుత్తులో ఎక్కువ భాగం ఏసీలకే పోతుంది. వేడి ఎడారిలో పలచటి గుడ్డ గుడారానికి ఏసీ పెట్టడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఇరాక్‌లో గుడారాల మీద ఫోమ్ చల్లి గట్టిపడనిచ్చారు. చూడటానికి వికారంగా ఉన్నా లోపల చల్లగా ఉండి జనరేటర్ల మీద భారం బాగా తగ్గింది. నా దృష్టిలో సైనిక ఇంధన సంస్కరణకు సరైన క్రమం ఇదే: ముందు వేడి చొరబడకుండా చూడటం, తర్వాత జనరేటర్లను కలిపి ఒకే చిన్న గ్రిడ్‌గా చేసి బ్యాటరీ జతచేయడం, ఆ తర్వాతే సౌరఫలకాలు. ఆచరణలో తరచూ ఇది తలకిందులవుతుంది. ఫోమ్ పూసిన గుడారం పక్కన నిలబడి ఫొటో దిగడానికి ఎవరూ ఉత్సాహపడరు మరి.

సైనికుడు మోసే బ్యాటరీల మాటేమిటి?

రేడియో, రాత్రి చూపు పరికరం, జీపీఎస్, లేజర్ గురి, ఇప్పుడు డ్రోన్ కూడా. మూడు రోజుల గస్తీకి వెళ్లే ఆధునిక సైనికుడి వీపు మీద బ్యాటరీల బరువే ఏడెనిమిది కిలోలు ఉండవచ్చు. మడిచి పెట్టుకునే సౌరఫలకం ఒకటి ఉంటే, ఖాళీ అయినవాటిని అక్కడికక్కడే ఛార్జ్ చేసి విడి బ్యాటరీలు తగ్గించుకోవచ్చు. దుమ్ము పడితే ఫలకం మందగిస్తుంది, ఎండకు మెరిస్తే శత్రువు కంటపడుతుంది. ఈ ఇబ్బందులు నిజమే, కానీ తుడవడం, కప్పడం సైనికుడికి కొత్త పనులు కావు.

మైక్రోగ్రిడ్ అంటే ఏమిటి? స్థావరానికి అది ఎందుకు?

దేశంలోపలి పెద్ద స్థావరాలు చాలావరకు మనందరికీ కరెంటిచ్చే గ్రిడ్ మీదే ఆధారపడతాయి. తుపానుకు స్తంభాలు కూలినా, సైబర్ దాడి జరిగినా, క్షిపణి సబ్‌స్టేషన్ మీద పడినా ఒకటే ఫలితం. ఉక్రెయిన్ గ్రిడ్ మీద 2022 నుంచి రష్యా చేస్తున్న దాడులు చూశాక దీన్ని ఊహాజనితమని ఎవరూ అనలేరు. మైక్రోగ్రిడ్ ఉన్న స్థావరం అవసరమైనప్పుడు బయటి గ్రిడ్ నుంచి విడిపోయి తన సొంత సౌర విద్యుత్, బ్యాటరీలు, జనరేటర్లతో నడుస్తుంది. కాలిఫోర్నియాలోని మిరమార్ స్థావరం పక్కనున్న చెత్తగుట్ట నుంచి వచ్చే మీథేన్‌తోనూ కరెంటు చేసుకుంటుంది. 2022 సెప్టెంబరు వడగాడ్పుల్లో అది తన విద్యుత్ తాను చూసుకుని శాన్ డియేగో నగర గ్రిడ్ మీద ఒత్తిడి తగ్గించింది.

ఒక హెచ్చరిక. కాగితం మీద మైక్రోగ్రిడ్ వేరు, నడిచే మైక్రోగ్రిడ్ వేరు. నిజంగానే బయటి కరెంటు తీసేసి చూస్తే తప్ప ఏ జనరేటరు మొండికేస్తుందో, ఏ తలుపు కరెంటు లేక తెరుచుకోదో తెలియదు. ఏడాదికి ఒక్కసారైనా ఆ మీట కిందికి దించే ధైర్యం స్థావరాధిపతికి ఉండాలి.

విద్యుత్ ట్యాంకులు ఎప్పుడు వస్తాయి?

ఇప్పట్లో రావు. కిలో డీజిల్‌లో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది, కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్ ఉంటే గొప్ప. ఇంజన్ వృథా చేసే వేడిని తీసేసి చూసినా, ఏబ్రమ్స్ ట్యాంకు నిండా పోసే ఇంధనానికి బదులు బ్యాటరీ పెట్టాలంటే 20 టన్నుల దాకా తూగుతుంది. గంటలో ఛార్జ్ కావాలంటే ఒక్కో ట్యాంకుకు 4 మెగావాట్లు. 14 ట్యాంకుల కంపెనీకి 56 మెగావాట్లు. యుద్ధభూమిలో అంత కరెంటు ఎవరిస్తారు?

హైబ్రిడ్ మాత్రం అర్థమున్న ఆలోచన. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఆపి బ్యాటరీతో పరికరాలు నడపవచ్చు. గంటకు 40 లీటర్లు మిగలడమే కాదు, శబ్దం ఉండదు, శత్రువు వేడి కెమెరాలకు ట్యాంకు కొట్టొచ్చినట్టు కనిపించదు. స్థావరం లోపల తిరిగే కార్లు, బస్సులు, సరుకు బళ్లు మాత్రం విద్యుత్‌కు మారడానికి ఏ అడ్డంకీ లేదు.

విమానాలకు శుద్ధ ఇంధనం సాధ్యమేనా?

సాంకేతికంగా సాధ్యమే. అమెరికా నౌకాదళ ఎఫ్/ఎ-18 విమానం 2010 ఏప్రిల్‌లో సగం జీవ ఇంధనంతో ఎగిరింది. భారత వాయుసేన ఏఎన్-32 రవాణా విమానం 2018 డిసెంబరు 17న చండీగఢ్‌లో తొలిసారి జీవ ఇంధన మిశ్రమంతో ఎగిరింది. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ పద్ధతిలో అడవి ఆముదం గింజల నూనె నుంచి తీసిన ఇంధనం అది. 2019 గణతంత్ర దినోత్సవ ప్రదర్శనలో 10 శాతం మిశ్రమంతో పాల్గొంది. 2022 నవంబరులో బ్రిటిష్ వాయుసేన వోయేజర్ విమానం పూర్తిగా జీవ ఇంధనంతోనే ఎగిరింది.

మామూలుగా సగం కన్నా ఎక్కువ కలపనివ్వరు. కారణం చిన్నదే. రాతి చమురు నుంచి వచ్చే ఇంధనంలో ఆరోమాటిక్స్ అనే పదార్థాలు ఉంటాయి, వాటి వల్ల రబ్బరు సీళ్లు ఉబ్బి బిగుతుగా ఉంటాయి. చాలా రకాల జీవ ఇంధనాల్లో అవి ఉండవు కాబట్టి పాత విమానాల్లో సీళ్లు ముడుచుకుని ఇంధనం కారే ప్రమాదం ఉంది.

అసలు అడ్డంకి ధర. 2012 విన్యాసాల కోసం అమెరికా నౌకాదళం 4,50,000 గ్యాలన్ల జీవ ఇంధనాన్ని 1.2 కోట్ల డాలర్లకు కొంది. గ్యాలన్‌కు 26 డాలర్ల పైమాటే. ప్రతినిధుల సభలో దుమారం రేగింది, రేగాల్సిందే. పైగా జీవ ఇంధనం వాడినంత మాత్రాన ట్యాంకర్లు తగ్గవు. అవే లారీలు, అవే కాన్వాయ్‌లు. వాతావరణానికి మేలు, యుద్ధానికి కొత్తగా ఒరిగేది లేదు. విమానాల విషయంలో ఇప్పటికి మంచి దారి సిమ్యులేటర్ల శిక్షణ పెంచడం, ఇంజన్లు మెరుగుపరచడం, అనవసరపు ప్రయాణాలు తగ్గించడం.

అణుశక్తి?

జలాంతర్గాములకు, పెద్ద విమానవాహక నౌకలకు దశాబ్దాలుగా పనిచేస్తోంది. నేల మీద స్థావరాలకు తరలించగల చిన్న రియాక్టరును అమెరికా ప్రాజెక్ట్ పెలే పేరుతో ఐడహోలో నిర్మిస్తోంది. మారుమూల స్థావరానికి ఉపయోగమే. క్షిపణులు పడే చోట రియాక్టరు పెట్టాలనేవారితో మాత్రం నేను ఏకీభవించలేను.

సైన్యాల ఉద్గారాలు లెక్కలోకి వస్తాయా?

సగం సగమే. 1997 క్యోటో వాతావరణ ఒప్పందంలో అమెరికా ఒత్తిడితో అంతర్జాతీయ సైనిక కార్యకలాపాల ఇంధనానికి మినహాయింపు దొరికింది. 2015 పారిస్ ఒప్పందం ఆ మినహాయింపును తీసేసింది కానీ చెప్పి తీరాలని బలవంతం చేయలేదు. ఇష్టమైతే చెప్పవచ్చు. ప్రపంచ ఉద్గారాల్లో సైన్యాల వాటా సుమారు 5.5 శాతం అని 2022లో స్వతంత్ర పరిశోధకులు అంచనా వేశారు. దేశాలు అంకెలు ఇవ్వనంతకాలం అంచనాతోనే సరిపెట్టుకోవాలి. రహస్యం బయటపడుతుందనే వాదనలో కొంత నిజం ఉంది: ఒక దళం ఎంత ఇంధనం వాడిందో తెలిస్తే అది ఎక్కడ తిరిగిందో ఊహించవచ్చు. అయితే దేశం మొత్తానికి ఏడాదికి ఒక్క అంకె చెబితే ఏ దళం జాడా తెలియదు.

బ్యాటరీలకు మారితే చమురు దేశాల బదులు చైనా చేతిలో చిక్కుకోమా?

చిక్కుకోవచ్చు. లిథియం, గ్రాఫైట్ శుద్ధిలో, మోటార్లకు కావలసిన అరుదైన లోహాల్లో చైనాదే పైచేయి. తేడా ఒక్కటే. చమురు రోజూ రావాలి, ఆగితే వారాల్లో బండ్లు ఆగుతాయి. ఫలకం ఒకసారి వచ్చి చేరితే పాతికేళ్లు కరెంటిస్తుంది. ప్రమాదం పోదు కానీ సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

గాలిమరలకు సైన్యం ఎందుకు అడ్డు చెబుతుంది?

తిరిగే రెక్కలు రాడార్ తెర మీద కదిలే వస్తువుల్లా కనిపించి నిజమైన లక్ష్యాలను మరుగుపరుస్తాయి. 2024 నవంబరులో స్వీడన్ ప్రభుత్వం బాల్టిక్ సముద్రంలో 13 గాలిమరల ప్రాజెక్టులను ఈ కారణంతోనే తిరస్కరించింది. క్షిపణి వస్తోందని తెలియడానికి పట్టే సమయం పెరుగుతుందని అక్కడి సైన్యం వాదించింది.

వరదలు, కార్చిచ్చులు వచ్చినప్పుడల్లా సైన్యాన్ని పిలవడం సరైనదేనా?

ప్రాణాలు పోతుంటే పిలవాల్సిందే. 2018లో కేరళ వరదల్లో త్రివిధ దళాలు లేకపోతే ఏమయ్యేదో ఊహించలేం. కానీ ఆపద ఏటా వస్తే అది అలవాటవుతుంది. 2019-20 కార్చిచ్చుల్లో ఆస్ట్రేలియా తొలిసారి రిజర్వ్ సైనికులను తప్పనిసరిగా విధుల్లోకి పిలిచింది, మల్లకూట తీరంలో చిక్కుకున్నవారిని నౌకాదళ ఓడ తరలించింది. అదే దేశం 2023 రక్షణ సమీక్షలో మాట మార్చింది: దేశంలోపలి విపత్తులకు సైన్యం చిట్టచివరి దిక్కుగానే ఉండాలి, లేకపోతే యుద్ధ సన్నద్ధత దెబ్బతింటుంది అని. పౌర విపత్తు దళాలకు డబ్బు, మనుషులు ఇవ్వకుండా సైన్యం ఉందిగా అనుకునే ప్రభుత్వాలకు ఇది చెంపపెట్టు.

ఇదంతా రాజకీయ నినాదం కాదా?

కాదు. వాతావరణ విజ్ఞానంలో మంచి భాగం సైన్యాల డబ్బుతో పుట్టిందే. గ్రీన్‌లాండ్ మంచు లోపల అమెరికా సైన్యం తవ్వుకున్న క్యాంప్ సెంచురీ స్థావరంలో 1966లో దాదాపు 1,390 మీటర్ల లోతున రాయి తగిలేదాకా మంచుస్తంభాన్ని తొలిచి తీశారు. లక్ష సంవత్సరాల వాతావరణ చరిత్ర అందులో పొరలు పొరలుగా దొరికింది. ఆ స్థావరంలో వదిలేసిన వ్యర్థాలు మంచు కరిగితే బయటపడతాయని 2016లో శాస్త్రవేత్తలు చెప్పడం వేరే కథ.

ప్రభుత్వం మారితే ఈ పనులన్నీ ఆగిపోతాయా?

కొన్ని ఆగుతాయి. 2022 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం 2035 నాటికి ప్రతి స్థావరానికీ మైక్రోగ్రిడ్, 2050 నాటికి నికర సున్నా ఉద్గారాలు అని ప్రకటించింది. 2025లో ప్రభుత్వం మారాక రక్షణ శాఖ వాతావరణ కార్యక్రమాలను పక్కన పెట్టింది. నాటో 2021లో ఒప్పుకున్న వాతావరణ కార్యాచరణ కోసం మాంట్రియల్‌లో 2024లో ఒక కేంద్రం తెరిచింది. దాని మీద కూడా ఈ మార్పు ప్రభావం ఉండవచ్చు.

ఉద్గారాల పేరు మీద మొదలుపెట్టిన పని ముందుగా పోతుంది. యుద్ధ అవసరం పేరు మీద మొదలుపెట్టింది నిలుస్తుంది. ఎత్తైన పునాదులతో, గట్టి పైకప్పులతో తిరిగి కడుతున్న టిండాల్ హ్యాంగర్లను ఎవరూ కూలగొట్టరు. జనరేటరుకు జతచేసిన బ్యాటరీని ఏ కంపెనీ కమాండరూ తిప్పి పంపడు.